చెంచు పిల్లగాడు వేటకు కొత్తోడెట్లయిండు?

పోయిన ఎండాకాలం మా మేనల్లుడు ఇంటికొచ్చాడు. బువ్వ తిన్నాక, చేతులు తుడుచుకుంటూ మెల్లగా అడిగాడు. "మామా, నాకు ఏట నేర్పరాదే."

వాడికి 20 ఏళ్ళు. అమ్రాబాద్ గుట్టల మీద ఒక పెంటలో పుట్టాడు. ఆశ్రమ పాఠశాలలో పది దాకా చదివి, ఐటీఐ మధ్యలో వదిలేసి, ఇప్పుడు ఆదిభట్లలో ఒక కంపెనీ క్యాంటీన్‌లో కాంట్రాక్టు పని చేస్తున్నాడు. నేను ఇక్కడికి దగ్గరలోనే ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. మా ఇద్దరికీ అడవి 100 కిలోమీటర్లకు పైనే దూరం.

"ఇప్పుడెందుకురా?" అని అడిగితే అసలు సంగతి చెప్పాడు. క్యాంటీన్‌లో తోటి పిల్లలకు వాడు చెంచు అని తెలిసింది. "చెంచోళ్ళంటే ఏటగాళ్ళు గదా, ఒక్క కుందేలన్న కొట్టినవా?" అని రోజూ ఎగతాళి. వాడు కొట్టలేదు. విల్లు ముట్టనేలేదు. ఫోన్ తీసి చూపించాడు. ఒక ఎయిర్‌గన్ ధర, ఒక గులేరు, ఉచ్చులు పన్నడం నేర్పే వీడియో, రాత్రిపూట తలకు లైటు కట్టుకుని అడవిపందులను తరిమే కుర్రాళ్ళ వీడియో. "వీటిల ఏది కొనాలె మామా? మొదలు ఎట్ల పెట్టాలె?"

నా దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ప్రభుత్వ టీచర్‌గా ఒకటి: "తప్పురా, జైల్లో పడతవు, పని చూసుకో." సభల్లో చప్పట్లు కొట్టించే జవాబు ఇంకొకటి: "వేట మన రక్తంలో ఉంది, మన హక్కు, పద." రెండూ చెప్పలేకపోయాను. మొదటిది చెబితే వాడి సిగ్గు అలాగే ఉంటుంది. రెండోది చెబితే వాడి బతుకు పోతుంది. ఆ రాత్రి చెప్పలేని జవాబే ఈ వ్యాసం. వాడిలాంటి తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ, నాలాంటి టీచర్లకూ రాస్తున్నాను.

ముందు ఒక ప్రశ్న. చెంచు ఇంట్లో పుట్టినవాడు 20 ఏళ్ళకు వేటకు కొత్తోడు ఎట్లయిండు?

వాళ్ళ నాన్న, మా బావ, మంచి వేటగాడు. వీడు నడక నేర్చుకునే వయసులో ఆయన ఒక ఉడుముతో దొరికాడు. ఒక్క ఉడుము. కేసయింది. కొన్నాళ్ళు లోపలున్నాడు, తర్వాత ఏళ్ళ తరబడి వాయిదాలు. వాయిదా అంటే రెండు రోజుల కూలి పోవడం, బస్సు ఛార్జీలు, వకీలు ఫీజు. మేకలు పోయాయి, అక్క మెడలో ఉన్నది పోయింది. ఆయన మళ్ళీ విల్లు పట్టలేదు. కొడుకుకు నేర్పలేదు. అడవిలో జాడ కనిపించినా "చూడకు, నడు" అనేవాడు. వాడు కొత్తోడయింది మొద్దుతనంతో కాదు, తండ్రి భయంతో.

ఆ భయం వెనకున్న చట్టం ఏం చెబుతుందో మన పిల్లలకు తెలియాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టడం, ఉచ్చు పెట్టడం, తరమడం, ఎర వేయడం, గాయపరచడం, పక్షి గుడ్లు పగలగొట్టడం, ఇవన్నీ వేటే. ఉడుము మొదటి షెడ్యూలులో ఉంది, పులి ఉన్న షెడ్యూలులోనే. 2022 సవరణ తర్వాత ఆ షెడ్యూలు జంతువును వేటాడితే 3 ఏళ్ళకు తగ్గకుండా 7 ఏళ్ళ దాకా జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. కుందేలు కూడా షెడ్యూలులో ఉన్నదే. "చిన్న జంతువే గదా" అన్న మాట కోర్టులో చెల్లదు.

ఇంకో సంగతి. ఈ చట్టం వచ్చిన కొత్తలో వేట అందరికీ నిషేధం కాదు. లైసెన్సు తీసుకుని వేటాడే వీలుండేది. ఆ దారిని 1991 సవరణ మూసేసింది. లైసెన్సు ఎవరు తీసుకోగలరు? తుపాకీ ఉన్నవాడు, ఆఫీసులో దరఖాస్తు రాయగలిగినవాడు, జీపు ఉన్నవాడు. పెంటలో ఉండే మా తాతకు లైసెన్సు అనే మాటే తెలియదు. సరదా కోసం చంపేవాడికి కొన్నేళ్ళు తలుపు తెరిచి ఉంచారు. ఆకలికి కొట్టేవాడికి మొదటి రోజే నేరస్తుడని పేరు పెట్టారు.

అడవిని ఖాళీ చేసింది మనమేనని టీవీల్లో, క్లాసు పుస్తకాల్లో చెబుతుంటారు. లెక్క చూద్దాం. ఆదిభట్ల నుంచి గంటలోపు పోగలిగిన చోటు, వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలి. పిల్లల్ని విహారయాత్రకు తీసుకుపోతాం. అది ఒకప్పుడు నిజాం వేటస్థలం. మన అమ్రాబాద్ మీది ఫరహాబాద్ కూడా నిజాంల షికారు చోటే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 30కి పైగా పులులను చంపాడని గొప్పగా చెప్పుకుంటారు. ఆ పులులు తిరిగిన అడవిలోనే మనవాళ్ళు తరతరాలుగా విల్లంబులతో బతికారు, పులీ బతికింది. మరి చీతా? 1947లో కొరియా రాజా చీకట్లో మూడు చీతాలను కాల్చాడు. దేశంలో చివరివి అవేనంటారు. 1952లో చీతా అంతరించిందని ప్రకటించారు. 2022లో నమీబియా నుంచి విమానంలో తెచ్చి కూనోలో వదిలారు. ఆ కూనో నుంచి, అంతకు ముందే, సింహాలను తెస్తామని చెప్పి సహరియా ఆదివాసుల పల్లెలను ఖాళీ చేయించారు. చంపింది రాజు, ఊరు వదిలింది ఆదివాసి.

శిక్షలో కూడా ఇదే తేడా. 1998లో జోధ్‌పూర్ దగ్గర కృష్ణజింకల వేట కేసులో హిందీ సినిమా హీరో సల్మాన్ ఖాన్‌కు 20 ఏళ్ళకు, 2018 ఏప్రిల్ 5న, 5 ఏళ్ళ శిక్ష పడింది. రెండు రాత్రులు జైల్లో ఉన్నాడు. 7వ తేదీన బెయిలు మీద ఇంటికి పోయాడు. మా బావకు బెయిలుకు పూచీ ఇచ్చేవాడు దొరకడానికే నెలలు పట్టింది.

ఇప్పుడు గుడికి పోదాం. ప్రతి ఏడాది కనుమ నాడు అహోబిలం నరసింహస్వామి పారువేటకు బయల్దేరుతాడు. 40 రోజులు ఊరూరా తిరుగుతాడు. ఆయన మన చెంచులక్ష్మి మొగుడు, మనకు అల్లుడు. మనవాళ్ళు విల్లంబులతో పల్లకీకి ఎదురుపోతారు, భక్తులు ఫోటోలు తీసుకుంటారు. సంక్రాంతికి ఇంకెన్నో గుళ్ళలో దేవుడికి పారువేట జరుగుతుంది. శ్రీకాళహస్తిలో కన్నప్ప, అంటే వేటగాడు తిన్నడు, పెట్టిన మాంసాన్ని శివుడు ఇష్టంగా తిన్నాడని కథ చెబుతారు. దేవుడు వేటాడితే ఉత్సవం. మనం పెట్టిన మాంసం దేవుడు తింటే పుణ్యకథ. ఆ మాంసం మన పొయ్యి మీద ఉంటే మాత్రం కేసు. మన వేటను కథగా ఉంచుకుని, వేటగాడిని లోపలేశారు.

మా మేనల్లుడు పనిచేసే ఆదిభట్లలో ఇంకో విచిత్రం ఉంది. ఇక్కడి టాటా బోయింగ్ ఫ్యాక్టరీలో 2018 నుంచి యుద్ధ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి. ఆ హెలికాప్టర్ పేరు అపాచీ. అపాచీలు ఎవరు? అమెరికాలో మనలాంటి ఆదివాసులు, పేరుమోసిన వేటగాళ్ళు. వాళ్ళ నేల లాక్కుని, వాళ్ళను రిజర్వేషన్లలోకి తోలి, చివరికి వాళ్ళ పేరును ఆయుధానికి పెట్టుకున్నారు. మన దగ్గరా అంతే. బొటనవేలు కోల్పోయిన ఏకలవ్యుడి పేరు మన పిల్లల గురుకులాలకు పెట్టారు. లోపల చెప్పే పాఠాల్లో ఏకలవ్యుడి విద్య ఒక్కటీ లేదు. పేరు కావాలి, మనిషి వద్దు. మనిషి ఉన్నా, వాడి తెలివి వద్దు.

ఇంతవరకు చదివి, "చూశావా, అందుకే ఎయిర్‌గన్ కొంటా" అనే తమ్ముడికి ఇప్పుడు నా మాట. ఆగు. కోపం న్యాయమైనదే. కానీ నువ్వు ఫోన్లో చూపించింది మన వేట కాదు.

తుపాకీ పట్టి, లైటు కొట్టి, కళ్ళు చెదిరి నిలబడ్డ జంతువును కాల్చడం రాజుల వేట. పొలాల చుట్టూ, అడవి దారుల్లో కరెంటు తీగలు లాగడం వేటే కాదు. మంచిర్యాల, ఆసిఫాబాద్ వైపు పందులకు పెట్టిన తీగలకు పులులు చచ్చాయి. రాత్రి చేనుకు పోయిన రైతులు, కూలోళ్ళు, మన పిల్లలు కూడా అట్లాంటి తీగలకు తగిలి చచ్చారు. తీగకు గర్భంతో ఉన్న దుప్పి ఏదో, దూడ ఏదో తెలియదు. నాటుబాంబు కొరికిన పంది దవడ పగిలి రోజుల తరబడి అడవిలో కుళ్ళి చస్తుంది. ఇవి చేసేవాళ్ళలో మన పిల్లలూ ఉన్నారు. పట్నం వ్యాపారికి మాంసం కిలోల లెక్కన అమ్ముతున్నారు. లాభం వాడికి, కేసు మనకు. దీన్ని "సంప్రదాయం" అని ఎవరైనా అంటే, మా తాత వినుంటే వాడి మొహం మీదే ఉమ్మేవాడు.

మరి మన వేట ఎట్లా మొదలయ్యేది? నేను మొదలు పెట్టింది ఎట్లాగో చెబుతాను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు తాత మొదటిసారి వెంట తీసుకుపోయాడు. విల్లు ఇంట్లో పెట్టి వచ్చాడు. చెలమకు కొంత దూరంలో ఒక బండ పక్కన కూర్చోబెట్టాడు. పిడికెడు దుమ్ము తీసి వదిలాడు. అది నా మొహం మీదికి వచ్చింది. "గాలి ఎటున్నది?" అన్నాడు. "మన దిక్కే వస్తున్నది." "అయితే అది మనల్ని వాసన పట్టదు. గాలి తిరిగిన్నాడు లేచి ఇంటికి పోవాలె." ఇదే మొదటి పాఠం. పొద్దుగూకేదాకా కూర్చున్నాం. ఏమీ కొట్టలేదు. ఇంటికి పోతూ, "ఏమేం ఇన్నవు?" అని అడిగాడు. నేను రెండు చెప్పాను. ఆయన ఎన్నో చెప్పాడు.

రెండో పాఠం నడక. ఎండిన టేకాకు మీద అడుగు పెట్టాలంటే ముందు పాదం అంచు ఆనించి, తర్వాత బరువు వేయాలి. పిట్టలు ఒక్కసారిగా ఆగిపోతే మనమూ ఆగాలి. కొండముచ్చు దగ్గినట్టు అరిచినా, దుప్పి గట్టిగా కూసినా పెద్దపులో చిరుతో దగ్గర్లో ఉన్నట్టు లెక్క. అప్పుడు వేట వదిలి వెనక్కి రావాలి.

మూడోది జాడ. దుప్పి గిట్ట మొన తేలి ఉంటుంది. కణితిది అదే తీరు, పెద్దది. పంది గిట్ట గుండ్రం, మెత్తటి నేలలో వెనక రెండు చిన్న గుర్తులు కూడా పడతాయి. ఎలుగు పాదం మనిషి పాదం లాగే కనిపిస్తుంది, ముందు పొడుగు గోళ్ళ గీతలుంటాయి. పులి జాతికి నడకలో గోళ్ళ గుర్తు పడదు, రేసుకుక్కకు పడుతుంది. జాడ అంచు పదునుగా ఉంటే కొత్తది. దాని మీద చీమల బాట పడితే పాతది. పెంటికలో ఏ గింజలున్నాయో చూస్తే అది ఏ చెట్టు కిందికి పోయి వచ్చిందో తెలుస్తుంది. ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లారకముందే ఎలుగులు చెట్టు కిందికి వస్తాయి. ఇది మగవాళ్ళ కంటే ముందు పూలు ఏరే ఆడవాళ్ళకు తెలుసు. ఇక్కడ మగపిల్లలకు ఒక మాట. చెంచుల కడుపు రోజూ నింపింది వేట కాదు. ఆడవాళ్ళు తవ్వి తెచ్చిన గడ్డలు, ఏరి తెచ్చిన పళ్ళు. వేట దొరికిన రోజు పండగ, దొరకని రోజులే ఎక్కువ. "వేటగాళ్ళం" అని మీసం మెలేసేవాడు తవ్వుకోలను మరిచిపోకూడదు.

నాలుగోది కట్టడి. అన్నిటికంటే పెద్ద పాఠం ఇదే. ఆడదాన్ని కొడితే గారెల మైసమ్మ ఊకోదని తాత భయం చెప్పేవాడు. పిల్లతల్లి జోలికి పోకూడదు. దెబ్బ తిన్న జంతువును వదిలి రావడం కంటే సిగ్గు లేదు, పొద్దు పోయినా దాన్ని వెతికి బాధ తీర్చాలి. దొరికినదాంట్లో మొదటి ముక్క మైసమ్మకు, తర్వాత పెంటంతా పాలు. మొగుడు లేని ఇంటికి పాలు తప్పకూడదు. తాత నాకు బాణం ఇవ్వడానికి రెండేళ్ళు పట్టింది. ఈ నాలుగూ వచ్చాయని ఆయనకు నమ్మకం కుదిరాకే ఇచ్చాడు.

నేను తర్వాత డి.ఎడ్. చదివాను. "తెలిసిన దాని నుంచి తెలియని దానికి పోవాలి" అన్న సూత్రాన్ని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. పిల్లవాణ్ణి రోజూ గమనిస్తూ మూల్యాంకనం చేయాలని కూడా చదివాను. తాత చదవకుండానే ఇవి చేశాడు. మనం చదివి కూడా చేయడం లేదు. పెంట పిల్లవాడికి పది రకాల జాడలు తెలుసు. మనం వాడికి ఎన్నడూ చూడని ఆపిల్ బొమ్మతో అక్షరం మొదలు పెడతాం. వాడు నోరు మూసుకుంటే "వెనకబడిన విద్యార్థి" అని రిజిస్టర్‌లో రాస్తాం.

సాటి టీచర్లారా, ఈ చదువు చెప్పడానికి ఏ చట్టమూ అడ్డం లేదు. చంపడం నేరం, చూడటం నేరం కాదు. వారానికి ఒక పూట పిల్లల్ని బడి వెనక వాగు ఇసుకలోకి తీసుకుపోండి. జాడలు గీయించండి, కొలిపించండి, అడుగుకూ అడుగుకూ దూరం లెక్క కట్టించండి. అది గణితం. ఏ నెలలో ఏది పిల్లలు పెడుతుందో ముసలోళ్ళను అడిగి రాయించండి. అది పరిసరాల విజ్ఞానం. ఆ ముసలోళ్ళను బడికి పిలిచి కుర్చీ వేయండి. అమ్రాబాద్‌లో పులి జాడ వెతకడానికి, కెమెరాలు ఎక్కడ కట్టాలో చూపడానికి చెంచులనే వాచర్లుగా పెట్టుకుంటున్నారు. అంటే మన చదువుకు విలువ ఉందని వాళ్ళకు తెలుసు. ఆ విలువను తాత్కాలిక కూలిగా కట్టారు, అంతే. ఆ చదువుకు సర్టిఫికెట్, ఆ పనికి పర్మనెంట్ ఉద్యోగం ఎందుకుండకూడదు?

ఇక చట్టం. 2006 అటవీ హక్కుల చట్టం మనకు తేనె, పూలు, దుంపలు ఏరుకునే హక్కునిచ్చింది. సంప్రదాయ హక్కులన్నిటినీ గుర్తిస్తూనే, వేట హక్కును మాత్రం పేరు పెట్టి మినహాయించింది. అట్లా మినహాయించక తప్పదా? 1972 చట్టంలోనే 65వ సెక్షన్ చదవండి. నికోబార్ దీవుల షెడ్యూల్డ్ తెగల వేట హక్కులను ఈ చట్టం తాకదని అందులో రాసి ఉంది. అంటే ఆదివాసి వేటను, వ్యాపారి వేటను వేరుచేసి చూడటం ఈ దేశపు చట్టానికి చేతనవును. మన విషయంలో మనసు రాలేదు. పంటలు పాడుచేస్తున్నాయని తుపాకీ లైసెన్సున్న షూటర్లకు అడవిపందులను కాల్చే అనుమతి ఇస్తారు. ఆ మాట కూడా మన గ్రామసభను అడిగి ఇవ్వరు.

నేను అడవి తలుపులు బార్లా తెరవమనడం లేదు. ఈ రోజు అడవి మా తాత నాటి అడవి కాదు. అందరూ వేటకు దిగితే రెండేళ్ళలో ఉడుము కథల్లోనే మిగులుతుంది. నేను అడిగేది ఇది: ఆపాలో, ఎంతలో ఆపాలో, పండగ నాటి ఆచారాన్ని ఎట్లా జరుపుకోవాలో నిర్ణయించేది గ్రామసభ కావాలి. అడవినీ జంతువులనూ కాపాడే అధికారం గ్రామసభకు 2006 చట్టం 5వ సెక్షన్‌లో ఇప్పటికే ఉంది. ఆ అధికారం వాడదాం. కరెంటు తీగ పెట్టినవాడు మనవాడైనా సరే గ్రామసభలో నిలబెట్టి అడుగుదాం. అప్పుడే, తిండికి పట్టిన ఒక్క ఉడుముకూ పులి చర్మం వ్యాపారానికీ ఒకే శిక్ష ఏమిటని ప్రభుత్వాన్ని నిలదీసే నోరు మనకు ఉంటుంది.

మా మేనల్లుడికి ఏం చెప్పానో చెప్పి ముగిస్తాను. చట్టం మారేదాకా ఏ జంతువు మీదా చెయ్యి వేయొద్దన్నాను, మీ నాన్న మేకలను గుర్తు పెట్టుకోమన్నాను. వాడు డీలా పడ్డాడు. మరుసటి ఆదివారం తెల్లవారుజామున వాణ్ణి ఇబ్రహీంపట్నం చెరువు గట్టుకు తీసుకుపోయాను. పిడికెడు దుమ్ము ఇచ్చి వదలమన్నాను. గాలి ఎటుందో చెప్పడానికి వాడికి మూడుసార్లు పట్టింది. బురదలో ఒక జాడ చూసి కుక్కదన్నాడు. "గోళ్ళ గుర్తులేవిరా?" అన్నాను. వాడు కూర్చుని, వంగి, చాలాసేపు చూశాడు. "లెవ్వు మామా. పిల్లి జాతిది. అడవిపిల్లి గావచ్చు."

ఇప్పుడు నెలకు రెండు ఆదివారాలు పోతున్నాం. పోయిన పండక్కి పెంటకు పోయినప్పుడు వాడు వాళ్ళ నాన్నను అడవిలోకి రమ్మని అడిగాడట. విల్లు లేకుండానే. బావ ముందు రానన్నాడట. తర్వాత చెప్పులేసుకున్నాడట.